తువ్వాల కింద బేరం

మా ఆర్మూర్ల అమెరికన్ ఫుట్‌బాల్ అంటే అందరు నవ్వెటోళ్లు. "గా కోడిగుడ్డు బంతేందిరా?" అనెటోళ్లు. నవ్వనీ, నాకేంది! ఊర్ల మొదటి క్వార్టర్‌బ్యాక్‌ను నేనే. బంతి ఎటు పోవాల్నో జట్టుకు చెప్పి, ఇసిరెటోన్ని.

మా బాపు పసుపు మార్కెట్ల దలాలి. ఎన్కట తువ్వాల కింద రైతు వేళ్లు పట్టుకోని ధర చెప్పి బేరం చేసెటోడు, పక్కోనికి తెల్వకుంట. గిట్టకుంటే చెయ్యి గుంజుకోవాలె. కుదిరితే అయిదు వేళ్లు గట్టిగ పట్టాలె, ఇగ ఖతం. ఇప్పుడు మార్కెట్ల అంత కంప్యూటరే. బాపు భుజం మీది తువ్వాల మాత్రం దిగలే.

నా ఆటంటే బాపుకు మంట. "నిజామాబాదోళ్ల మీద ఓడినవనుకో, గా బంతి అటకెక్కాలె, నువ్వు మార్కెట్ల కూసోవాలె" అని ఖరాకండిగ చెప్పిండు. చెప్పి ఊకుండలే, మ్యాచ్ చూస్తందుకు తానే వచ్చిండు.

మాకూ వాళ్లకూ ఆట నేర్పిన పీఈటీ సారు ఒక్కడే. నేను ఏం కేకేసినా వాళ్లకు ఎర్కే! నాకు ఒళ్లు మండింది. ఉరికిపోయి బాపు తువ్వాల గుంజుకొచ్చిన. "ఒక వేలు పడితే దగ్గర, మూడు పడితే దూరం" అని, బంతి అందుకునే ఆలూర్ దోస్తుకు తువ్వాల కింద ఒక వేలు పట్టిన.

వాడు చెయ్యి గుంజుకున్నడు!

"ఏందిరా?"

"మొదటి మాటకే ఒప్పుకుంటరా?" అన్నడు. పశువుల అంగట్ల గిట్లనే బేరం చేసే వాళ్ల నాయిన పక్కన నిలవడి పెరిగినోడు, అలవాటు యాడికి పోతది! ఆలస్యమైందని రెఫరీ విజిల్ ఊదిండు, మమ్మల్ని అయిదు గజాలు ఎన్కకు పంపిండు. బయట బాపు కడుపు పట్టుకోని నవ్వుతుండు.

ఆఖరుకు మేం నాలుగు పాయింట్లు తక్కువ, ఒక్కసారి బంతి ఇసిరెటంత టైమే మిగిలింది. మల్ల ఒక వేలు పట్టిన. మల్ల గుంజుకోని, నా మూడు వేళ్లు పట్టిండు.

"అరేయ్, గిప్పుడు బేరమారా!"

వాడు వదుల్తలేడు. ఇగ ఏం చేస్త, అయిదు వేళ్లు పట్టిన. అప్పటిదాంక దగ్గరికే ఇసిరిన గదా, నిజామాబాదోళ్లు గిప్పుడు గూడ దగ్గరికే అనుకోని ముందుకు ఉరికిండ్రు. నేను బలమంత పెట్టి దూరం ఇసిరిన. వాడు ఆఖరి గీత అవతల రెండు చేతుల అందుకున్నడు. ఆరు పాయింట్లు, గెలిచినం!

తువ్వాల ఇయ్యవోతే బాపు దాన్నే మా చేతుల మీద కప్పిండు. కింద నా మూడు వేళ్లు పట్టిండు. మొదటి మాటకే ఒప్పుకుంటనా, నేను చెయ్యి గుంజుకున్న.

బాపు పకపక నవ్వి, అయిదు వేళ్లు గట్టిగ పట్టిండు. "రేపు ఆటకు పోంగ తువ్వాల మర్వకు" అన్నడు.