అసిరయ్యను లేపే పద్ధతి

చీపురుపల్లి రైసు మిల్లులో అసిరయ్య ముప్పయ్యేళ్లు బస్తాలు మోశాడు. నడుం నొప్పంటే ఎరగడు. పోయినేడు పక్షవాతంతో కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాక ఆ నొప్పి ఇంట్లోకొచ్చింది. అయితే అతని దగ్గరకు కాదు, రోజూ అతన్ని మంచం మీంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టే పెళ్లాం లక్ష్మణమ్మ దగ్గరకు.

ఆమెకు తెలిసిన పద్ధతి ఒక్కటే. నూతిలోంచి చేద లాగినట్టు మొగుడి చేతులు రెండూ పట్టుకుని లాగడం. నడుం పట్టేసింది. వీధిలో ఒకామె బెల్టు కట్టుకోమంది, ఒకామె ఇసక కాపడం పెట్టమంది. వచ్చి ఓ చెయ్యి వేసినామె లేదు.

శ్రీకాకుళం నుంచి ఆడపడుచు దాలమ్మ ఫోను చేసింది. "ఆదివారం ఆటో తెస్తాను. తమ్ముణ్ణి మా ఇంటికి తీసుకుపోతాను. నీ నడుం ఇరిగితే ఇద్దరికీ దిక్కెవలే?"

లక్ష్మణమ్మ ఫోను పెట్టేసింది. మొగుడు ఆ ఊరెళ్లిపోతే తను ఎవరితో పోట్లాడాలి?

ఫోనులో అక్క అన్న మాట అసిరయ్యా విన్నాడు. మర్నాడు పొద్దున్న ఆమె చేతులు పట్టుకోబోతే, ఎడం చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఏటి మావా, అక్క ఇంటికి అప్పుడే ముస్తాబా?"

"బస్తాని... సెవులట్టి లాగితే... సినిగిపోతాది," అన్నాడు ముద్దమాటల్లో.

"ఏడాదై లాగుతన్నాను. ఇప్పుడా సెప్పడం?"

"బస్తా... మాటాడతాదేటి?"

అప్పట్నుంచీ మొదలైంది పాఠం. పట్టు కోసం తన పాత తలగుడ్డ నడుముకు గట్టిగా కట్టించుకున్నాడు. కుర్చీ బాగున్న ఎడం పక్కనే వేయించాడు. తను మంచం అంచుకు జరిగి, పాదాలు నేలకానించి, ముందుకు వంగుతాడు. ఆమె దగ్గరగా నిలబడి, మోకాళ్లు వంచి, పడిపోయిన కాలికి తన మోకాలు అడ్డుపెట్టి, తలగుడ్డ పట్టుకుని లేవాలి. తిరిగేటప్పుడు పాదాలు తిప్పాలి, నడుం కాదు. తప్పితే మళ్లీ మొదటికి.

"మిల్లులో అయితే... మొదటి రోజే... నిన్ను పంపేద్దును."

"పంపెయ్. నిన్నెవలు లేపుతారో సూస్తాను."

నొప్పి మాయం కాలేదు గానీ, నాలుగో రోజుకి గోడ పట్టుకోకుండా నిటారుగా నిలబడింది.

ఆదివారం దాలమ్మ ఆటోతో రానే వచ్చింది. లక్ష్మణమ్మ ఏమీ వాదించలేదు. చీర కుచ్చిళ్లు ఎగదోపి, వంగి, మొగుణ్ణి లేపి, రెండడుగులు తిరిగి కుర్చీలో దింపింది. దాలమ్మ తమ్ముడి నడుముకున్న తలగుడ్డ ముడి లాగి చూసింది.

"బయట ఆటో వోడున్నాడే," అంది చివరికి.

"ఉండనీ వదినా. టీ తాగి నువ్వెల్దువు గానీ."

ఆటో మలుపు తిరిగాక అసిరయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఎడం పాదం... ఆలీసంగా... తిప్పావు."

"రేపు సూసుకుందాంలే, మేస్త్రీ," అంది లక్ష్మణమ్మ.