జోగయ్య పీకిన గేదె వెంట్రుక

చీపురుపల్లి నుంచి రాజాం వెళ్లే రోడ్డు మీద కారుకి తగిలే ప్రతి దెబ్బకీ ఒక గేదె పూచీ పడుతుంది. సొట్టపడిన కారు జోగయ్య రేకుల షెడ్డు ముందు ఆగుతుంది. అందులోంచి దిగిన పెద్దమనిషి సొట్ట వైపు చూడకుండానే గేదె అడ్డొచ్చిందంటాడు. ఆ లెక్కన ఆ చుట్టుపక్కల గేదెలకి మేత మేసే తీరిక కూడా ఉండకూడదు. హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఏడాది మాత్రం అవి కాస్త ఊపిరి పీల్చుకున్నాయి. అప్పుడు ఎప్పటెప్పటి పాత సొట్టలూ తుఫాను నెత్తిన పడ్డాయి.

జోగయ్యకి ఇందులో ఎవరి మీదా కోపం లేదు. కానీ సొట్ట తియ్యడానికి ఎంతవుతుందో చెప్పాలంటే గుద్దినదేమిటో తెలియాలి. గేదె మెత్తగా గుద్దుతుంది. రేకు వెడల్పుగా లోపలికి పోతుంది, రంగు మాత్రం పెద్దగా చెదరదు. గోడో స్తంభమో అయితే పైకి కనిపించేది ఒక గీతే, లోపల బంపరుని పట్టి ఉంచే కమ్మీ వంగిపోయి ఉంటుంది. గేదె అన్నారు కదా అని రేటు చెప్పేసి, విప్పాక గోడని తేలితే చెప్పిన మాట మింగనూలేడు, కక్కనూలేడు. అతని షెడ్డుకి బోర్డు లేదు, బిల్లు పుస్తకం లేదు. జోగయ్య మాట మారడన్న పేరొక్కటే ఉంది. ఆ పేరు పోతే షెడ్డుకి తాళం వేసుకోవడమే.

అందుకని అతనో పద్ధతి పెట్టుకున్నాడు. వచ్చినవాళ్లకి ముందు స్టూలు వేస్తాడు. పక్కనే టీ బడ్డీ నడిపే భార్య చిన్నతల్లిని కేకేసి టీ తెప్పిస్తాడు. గేదె కథ మొత్తం భక్తిగా వింటాడు. విన్నాక బంపరు సందులో వేలు పెట్టి వెతుకుతాడు.

"గేదయితే ఎంట్రుక వదుల్తాది కదా బావా," అంటాడు.

వెంట్రుక దొరకదు. అప్పుడు రెండు రేట్లు చెబుతాడు. నిజం చెబితే ఒకటి, గేదే అంటే ఇంకొకటి. గేదె రేటు ఎప్పుడూ ఎక్కువే. టీ గ్లాసు ఖాళీ అయ్యేలోగా గేదె మాయమై, దాని జాగాలో ఇంటి అరుగో, తోడల్లుడి స్కూటరో బయటపడుతుంది.

స్కూల్లో పిల్లలకి నీతికథలు చెప్పే ధనలక్ష్మి టీచరు కూడా గేదెతోనే వచ్చింది. ఆవిడ కొత్తగా డ్రైవింగు నేర్చుకుంది. రైల్వేలో పనిచేసే భర్త డ్యూటీ మీద ఒడిశా వెళ్లిన సమయం చూసి కారు బయటికి తీసి, ఎడమవైపు ముందు భాగం సొట్ట చేసుకుంది. నమ్మకం కుదరడానికి గేదె వెనకాల ఒక దూడని కూడా నడిపించింది. జోగయ్య వేలికి వెంట్రుక బదులు నీలం సున్నం అంటింది. ఆ రంగు గోడ ఎవరిదని అతను అడగలేదు, టీ మాత్రం ఇంకో గ్లాసు తెప్పించాడు. అది సగమయ్యేసరికి ఆవిడ తమ ఇంటి గోడేనని ఒప్పుకుంది. బుధవారం సాయంత్రం భర్త రైలు దిగేలోగా కారు ఏమీ ఎరగనట్టు ఉండాలని బతిమాలింది.

"మంగళారం నాలుగింటికి వొచ్చి తీసుకెళ్లిపోండి టీచరమ్మా. మాటంటే మాటే. ఇంకోపాలి గేదిని మాత్రం తేకండి," అన్నాడు జోగయ్య. దూడ మాట ఎత్తలేదు. అది అతని మర్యాద.

మంగళవారం మధ్యాహ్నానికి కారు పెళ్లికొడుకులా తయారైంది. ఎండ తగలకుండా నీడలో పెడదామని జోగయ్య దాన్ని వెనక్కి తీశాడు. తియ్యడం తీస్తూనే, కొత్త రంగు ఎంత బాగా కలిసిందో మెడ సాచి చూసుకుంటున్నాడు. వెనక చప్పుడైంది. ఆ చప్పుడు వినగానే ఎంతవుతుందో అతనికి తెలిసిపోయింది.

షెడ్డు సిమెంటు స్తంభం. కుడివైపు వెనక చక్రం మీది రేకు లోపలికి పోయింది. లప్పం పెట్టి, అది ఆరి, రంగు కొట్టి, అదీ ఆరాలంటే రేపటి మాట. నాలుగింటికి టీచరమ్మ వస్తుంది.

ఇన్నేళ్లూ ఊరందరి గేదెల్నీ తరిమికొట్టిన మనిషికి ఆ క్షణంలో తట్టింది గేదే.

పైగా అతనికి సాక్ష్యం సంగతి కూడా తెలుసు. పక్క దొడ్లో సూరయ్య గేదె పడుకుని నెమరు వేస్తోంది. జోగయ్య దొంగలా వెళ్లి దాని తోక కుచ్చులోంచి ఒక వెంట్రుక పీకాడు. అది అదే తోకతో అతని చెంప మీద ఒక్కటిచ్చింది. ఎన్ని నిందలు మోసిన జాతి, ఆ మాత్రం ఇవ్వక మానుతుందా? చెంప రుద్దుకుంటూ వచ్చి, రేకుకున్న సిమెంటు తుడిచేసి, వెంట్రుకని వెనక లైటు సందులో దూర్చాడు.

టీ తీసుకొచ్చిన చిన్నతల్లి గ్లాసు కింద పెట్టి, సొట్టని చూసి, వెంట్రుకని పట్టుకుని లాగింది. అది వస్తూనే ఉంది. మూరెడు వచ్చింది.

"ఏటి మావా, ఇంత పొడుగున్నాది? గేది ఎనక్కి నడిసొచ్చి తోకతో గుద్దినాదేటి?"

జోగయ్య మళ్లీ చెంప రుద్దుకున్నాడు. మాటంటే మాటేనని టీచరమ్మకి తనే చెప్పానని, ఇప్పుడు ఆవిడకి ఏమని ముఖం చూపించాలని గొణిగాడు.

"అందరికీ ఏటని సెప్తావో నీకూ అదే," అంది చిన్నతల్లి. "ఆ స్టూలు మీద కూకో."

ఎందరినో కూర్చోబెట్టాడు గానీ ఆ స్టూలు మీద అతనెప్పుడూ కూర్చోలేదు. దానికి ఒక కాలు పొట్టి అని ఆవేళే తెలిసింది. అబద్ధం చెప్పేవాళ్లంతా అలా ఊగుతారెందుకో కూడా తెలిసింది.

నాలుగింటికి ధనలక్ష్మి వచ్చింది. ముందు భాగం చూసి మురిసిపోయింది. వెనక్కి వెళ్లి ఆగిపోయింది. జోగయ్యకి గేదె నాలిక చివరిదాకా వచ్చింది. బడ్డీ దగ్గర చిన్నతల్లి ఆ వెంట్రుకని వేలికి చుట్టుకుంటూ ఇటే చూస్తోంది.

"నా స్తంభమే టీచరమ్మా. నానే గుద్దీసినాను," అన్నాడు. "రేపు మీ ఆయన రైలు దిగేలోగా సేసిచ్చేస్తాను, మీరేటీ ఇవ్వక్కర్లేదు. ఆలీసమైపోతే రెండు దెబ్బలూ నావేనని సెప్పీయండి."

ఆవిడ మొహంలో భయమూ నవ్వూ కాసేపు పెనుగులాడుకున్నాయి. నవ్వు గెలిచింది.

"అలా చెబితే నాకు గేదె రేటు పడదూ?" అంది. గోడ సంగతి ఆయనకి తనే చెప్పేస్తానంది. అంతలోనే, ఆ గోడని రోడ్డు మీదికి జరిపి కట్టించింది కూడా ఆయనేనని గుర్తు చేసుకుని కాస్త ధైర్యం తెచ్చుకుంది.

బుధవారం రైలు కంటే ముందే కారు ఇల్లు చేరింది. స్తంభం సంగతి నాలుగో మనిషికి తెలియకూడదని జోగయ్య, ధనలక్ష్మి అనుకున్నారు. చిన్నతల్లి ఏమీ అనుకోలేదు. వారం తిరక్కుండా బడ్డీలో టీ తాగిన వాళ్లందరికీ తెలిసిపోయింది.

ఇక తన మాటకి విలువేముందని జోగయ్య దిగులుగా ఉండగా, నాగబాబు అనే ఎరువుల షాపాయన సొట్టతో వచ్చాడు. స్టూలు మీద కూర్చుని, టీ రాకముందే, "నాదీ మీ స్తంభంలాంటిదే మావా," అన్నాడు. జోగయ్య ఒక్క రేటే చెప్పాడు.

తర్వాత వచ్చినవాళ్లంతా స్తంభం పేరే చెప్పడం మొదలుపెట్టారు. ఇలా ఉండగా ఒకాయన నిజంగానే గేదెని గుద్దుకుని వచ్చాడు. పాపం, ఎంత మొత్తుకున్నా నమ్మేవాళ్లు లేరు. జోగయ్య బంపరు సందులో వేలు పెడితే పొట్టి పొట్టి నల్ల వెంట్రుకలు వచ్చాయి. వాటిని అరచేతిలో పెట్టుకుని బడ్డీ దగ్గరికి నడిచాడు. చిన్నతల్లి వేలితో పొడుగు కొలిచి చూసి తలూపాకే వెనక్కొచ్చి రేటు చెప్పాడు.