దండ తీసిన ఫొటో

మా వదిన వీరలక్ష్మి పోయి ఏడాది దాటింది. పాలకాయతిప్పలో పడవలు ఒడ్డుకొచ్చాక చేపల బేరంలో ఆమె గొంతు లేస్తే మగవాళ్ళు మాట తగ్గించేవాళ్ళు. మా అన్నయ్య గంగన్న వేటకు వెళ్ళి తిరిగి రానప్పుడు కూతురు గాయత్రి ఇంకా చంకలోనే ఉంది. ఎండుచేపల గంప మోసి, ఆ పిల్లను నర్సును చేసింది వదిన. అప్పుడామెకు తోడు నిలిచింది సొంత అన్న అంకమ్మరావు ఒక్కడే. నేను గూడూరు స్కూల్లో ఉద్యోగం చూసుకుంటూ సెలవులకు వచ్చిపోయేవాణ్ణి.

2008లో గాయత్రి బందరు ఆసుపత్రిలో నర్సుగా చేరింది. మొదటి జీతంతో అమ్మకు చీర కొనకుండా డిజిటల్ ఫొటో ఫ్రేమ్ తెచ్చింది. బడిపిల్లల పలకంత ఉంటుంది. ప్లగ్గు పెడితే ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. గోడ మీది అన్నయ్య ఫొటో ఉప్పుగాలికి మచ్చలు పట్టిపోతే, స్టూడియోలో బాగుచేయించి అందులో ఎక్కించింది. దాని వెనకే తెల్ల యూనిఫాంలో తన ఫొటో, ఆ తర్వాత మా అందరివీ.

వదిన గంప దింపి స్నానం చేస్తేగాని దాన్ని ముట్టుకునేది కాదు. ఎవరొచ్చినా కూర్చోబెట్టేది. "లేవకండి, ఇప్పుడు మా గాయత్రి వచ్చుద్ది" అనేది.

ఆ ఏడు అన్నయ్య సంవత్సరీకం వచ్చింది. గోడ ఫొటో తీసేసి అక్కడ ఫ్రేమ్ పెట్టారు కదా, వదిన అలవాటుగా దానికే బంతిపూల దండ వేసి, అద్దం మీద కుంకుమ బొట్టు పెట్టి అగరొత్తులు వెలిగించింది. ఎదురుగా కూర్చున్న అంకమ్మరావు ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు.

దండలో గాయత్రి నవ్వుతోంది. బొట్టు బుగ్గ మీదికొచ్చింది.

"ఒసే లక్ష్మీ! బతికున్న పిల్లకి దండేశావేంటే?"

వంటింట్లోంచి గాయత్రి తొంగిచూసింది. "నేను బాగానే ఉన్నా మావయ్యా!"

అంతలో ఫొటో మారింది. ఈసారి వచ్చింది అంకమ్మరావే. కొత్త చొక్కా, మెలేసిన మీసం, చుట్టూ బంతిపూలు. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది.

"నన్ను కూడా పంపించేశావా!" అంకమ్మరావు ఫ్రేమ్ వైపు వేలు చూపించాడు. "గంగన్న బావ బొమ్మ అందులోంచి తీయించు. పోయినోళ్ళని ఉన్నోళ్ళతో కలపకూడదు, పిల్లకి మంచిది కాదు. తీయిస్తావా సరే. లేదా, ఈ ఇంట్లో ముద్ద ముట్టను."

వదిన ఆ అన్న మాట ఎన్నడూ జవదాటలేదు. లేచి కొంగుతో బొట్టు తుడిచింది. దండ తీసి చేత్తో పట్టుకుంది.

"దండ తీసేశానన్నయ్యా. ఆయన్ని మాత్రం తియ్యను. పిల్ల నడవడం చూళ్ళేదు, చదవడం చూళ్ళేదు. ఇందులోనన్నా దాని పక్కనుండనీ."

"దండ లేకుండా పోయినోడి ఫొటో ఏంటే?"

"నలుగురికీ సూది మందేసే కూతురుంది ఆయనకి. ఇంక దండెందుకు?"

అంకమ్మరావు చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడు. ఫ్రేమ్‌లో అన్నయ్య వచ్చాడు. స్టూడియో కుర్చీలో బిగుసుకుని కూర్చుని, నవ్వు ఆపుకోలేకపోతున్న మనిషి. వెంటనే గాయత్రి. అదే పెదవి, అదే ఆపుకోలేని నవ్వు. అంకమ్మరావు కాలు చెప్పులో పెట్టి ఆగిపోయాడు. ఫొటోలన్నీ తిరిగి మళ్ళీ ఆ ఇద్దరూ వచ్చేదాకా అలాగే నిలబడ్డాడు.

"బావా," అన్నాడు నాతో మెల్లగా, "పిల్లది మా పోలికని ఇన్నాళ్ళూ ఊరంతా చెప్పుకున్నాను. నవ్వు మాత్రం మీదే."

చెప్పు వదిలేసి లోపలికొచ్చి ఆకు ముందు కూర్చున్నాడు. వదిన అన్నకు తనే వడ్డించింది. ఆ పూట ఆమె తల ఎత్తిన తీరు నేనింతవరకూ మరిచిపోలేదు.