మొగులమ్మ సీతాఫలాలు, సర్కారు మినహాయింపు

సీతాఫలం మీద ప్రభుత్వానికి ఎటువంటి అభిప్రాయమూ లేదు. మామిడి ఇంత బరువుండాలనీ, నారింజ ఈ రంగులో ఉండాలనీ, ద్రాక్షకు మచ్చ ఉండరాదనీ శాసించిన కలం సీతాఫలం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. ఆ కాయ రూపం చూస్తే ఏ శాసనానికీ లొంగేలా లేదని ఏలినవారు గ్రహించి ఉంటారు. అందుచేత రేగుపండు, చింతకాయ, సీతాఫలం వంటి వాటికి నాణ్యతా నిబంధనలు వర్తించవని దయతో ఒక వాక్యం రాశారు. ఆ దయ మీద పడి నలిగిపోయిన మనిషి పేరు మొగులమ్మ.

మొగులమ్మది బషీరాబాద్ అవతల వాగు ఒడ్డున ఒక చిన్న ఊరు. ఇల్లు వాగుకు ఈ గట్టున, సీతాఫలం చెట్లు ఆ గట్టున. యాభై ఆరులో రాష్ట్రాలను పంచుకున్న పెద్దలు గీసిన గీత సరిగ్గా ఆ వాగు నడుమనుంచి పోయింది. ఇల్లు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది, చెట్లు మైసూరు రాష్ట్రానికి పోయాయి. ఈ సంగతి చెట్లకు ఎవరూ తెలియజేయలేదు. అవి ఎప్పటిలాగే దసరా ముందర కళ్లు విప్పాయి. కాయ మీది గళ్ల మధ్య సందులు తెల్లబడి విచ్చుకుంటే కళ్లు విప్పిందంటారు. అప్పుడు తెంపాలి. తెంపాక రెండు మూడు రోజులే దాని ఆయుష్షు.

మొగులమ్మకు మరో ఆస్తి వారానికోసారి జరిగే తాండూరు అంగట్లో ఉండేది. నాపరాళ్లు పేర్చిన గోడ పక్కన, మధ్యాహ్నం నీడ పడే జాగా. అత్త కూర్చున్న చోటు. అంగడి జాగాకు పట్టా ఉండదు, ఆచారమే పట్టా. వరసగా మూడు అంగళ్లు బోణీ లేకుండా పోతే ఆ జాగా ఎవరు గోనె పరిస్తే వాళ్లది. ఇంకొకరి సరుకు తెచ్చి కూర్చుంటే లెక్కలోకి రాదు, సొంత సరుకే కావాలి. వాగుకు ఈ గట్టున మొగులమ్మకు గుడిసె తప్ప గుంట నేల లేదు.

పక్కజాగాలో మిరపకాయలమ్మే కొండమ్మ ఈ ఆచారాన్ని వేదంలా గౌరవించేది. ఏడాదికి ఒక వేలెడు చొప్పున ఆమె గోనె మొగులమ్మ వైపు జరుగుతూ ఉండేది.

"జరుగు వదినె, నీ గోనెకు కాళ్లొచ్చినయ్," అనేది మొగులమ్మ.

"నీ నోటికి రెక్కలొచ్చినయ్," అనేది కొండమ్మ.

ఆ దసరా ముందర మొగులమ్మ గంప నెత్తిన పెట్టుకుని వాగు దాటేసరికి బాటకు అడ్డంగా ఒక వెదురుబొంగు, బొంగు పక్కన కుర్చీ, కుర్చీలో గుమాస్తా చంద్రశేఖర్ మొలిచి ఉన్నారు. రాష్ట్రం దాటే సరుకును తనిఖీ చేసే కొత్త నాకా.

"గంపల ఏమున్నయ్?"

"కండ్లు లేవా సారూ? సీతాఫలాలు."

"పక్క రాష్ట్రం సరుకు. పరీక్ష కాయితం ఉందా?"

"పక్క రాష్ట్రం ఏందయ్యా! అగో, గా కనబడేటియి నా చెట్లు."

చంద్రశేఖర్ ఒక లావాటి పుస్తకం తెరిచి, వేలు తడి చేసుకుని, పేజీలు తిప్పి, గంభీరంగా తీర్పు చెప్పాడు. "సీతాఫలానికి పరీక్ష అక్కర లేదు."

మొగులమ్మ గంప ఎత్తుకుంది.

"ఆగు. అక్కర లేదని చీటీ ఉండాలె."

"అక్కర లేనిదానికి చీటీ ఎందుకు?"

"అక్కర లేదని మాకు ఎట్ల తెలుస్తది?"

"గిప్పుడు నువ్వే సదివితివి గదా!"

"నేను సదివితే చెల్లదు. వికారాబాద్‌ల పెద్దసారు సదివి సంతకం పెట్టాలె. అందాక సరుకు ఈడనే ఉంటది." అంటూ గంపలోంచి రెండు పెద్ద పండ్లు తీసి, ఒకటి అక్కడే విప్పి తిన్నాడు.

"పరీక్ష లేదంటివి?"

"ఇది పరీక్ష కాదమ్మా," అన్నాడు గింజ ఉమ్మి. "పరీక్ష అక్కర లేని పండేనా కాదా అని చూస్తున్న."

మొగులమ్మకు కోపం పుట్టుకతోనే వచ్చింది, అయితే అప్పటిదాకా అది కొసరడిగేవాళ్ల మీదా, కొండమ్మ గోనె మీదా చిల్లరగా ఖర్చయ్యేది. ఆ రోజు మొత్తం ఒక్కచోట చేరింది. వాగు దిగువన దొంగదారి ఉందని ఊళ్లోవాళ్లు చెబితే వాళ్ల మీద కూడా విరుచుకుపడింది. "నా చెట్టు పండు నేను దొంగలెక్క తెచ్చుకోవాల్నా? ఆ బొంగు కిందికెల్లే తెస్త."

ఆ వారం అంగడి పోయింది.

ప్యాసింజరెక్కి వికారాబాద్ పోతే పెద్దసారు మోమిన్‌పేట క్యాంపులో ఉన్నారు. మళ్లీ పోతే ఉన్నారు గాని చెట్లు ఆమెవేనని రుజువు కావాలన్నారు. మొగులమ్మ కొంగుముడి విప్పి నిజాం కాలపు ఉర్దూ కాగితం తీసింది. అది పాత ప్రభుత్వానిది, చెల్లదన్నారు. మైసూరువాళ్లు ఇచ్చిన పన్ను రసీదు తీసింది. అది కన్నడం, తెలియదన్నారు. తెలిసిన ప్రభుత్వం ఇచ్చిన కాగితం, తెలిసిన భాషలో కావాలని సెలవిచ్చారు.

"ఇంతకూ నీ భూమి ఏ రాష్ట్రంలో ఉంది?" అని అడిగారు పెద్దసారు.

"నా భూమి ఉన్నకాడనే ఉన్నది సారూ. రాష్ట్రాలే అటిటు తిరుగుతున్నయ్."

ఈ జవాబు రాసుకోవడానికి దరఖాస్తులో గడి లేదు. రెండో అంగడి కూడా పోయింది. ఆ రోజు కొండమ్మ గోనె వేలెడు కాదు, మూరెడు జరిగిందని చూసివచ్చినవాళ్లు చెప్పారు.

మొగులమ్మ మళ్లీ పోయి, ఆఫీసు గడపకు అడ్డంగా కూర్చుంది. లోపలికి పోయేవాళ్లూ బయటికి వచ్చేవాళ్లూ ఆమెను దాటాలి, దాటిన ప్రతివాళ్లకూ వాళ్ల వంశం గురించి రెండు ముక్కలు వినిపించేది. కన్నడం వచ్చిన మనిషి ఆ ఆఫీసులోనే ఉన్నాడని ఆ మధ్యాహ్నానికల్లా తేలింది. సాయంత్రానికి చీటీ చేతికి వచ్చింది. నాకాలో నిలిపిన సీతాఫలాల గంప ఒకటి, నాణ్యతా నిబంధనలనుంచి మినహాయించడమైనది, ఎవరూ అడ్డగించరాదు. కింద సంతకం, ముద్ర.

తెల్లారితే మూడో అంగడి. మొగులమ్మ నాకాకు చేరేసరికి చంద్రశేఖర్ కుర్చీ ఎండలోకి జరిగి ఉంది. గంప ఉన్న పందిరిలో ఈగలు కాపురం పెట్టాయి. పండ్లు నల్లబడి, పగిలి, కారి, గంప అడుగున చీమలకు వాగు కట్టాయి.

"గిది పారేసి వేరే పండ్లు తెచ్చుకుంటనయ్యా. నా చీటీ ఇగో."

"ఆ చీటీ ఈ గంపకే," అన్నాడు చంద్రశేఖర్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని. "కొత్త సరుకుకు కొత్త చీటీ. దీన్ని మాత్రం జల్ది తీస్కపో, నీకు పుణ్యముంటది."

మొగులమ్మ చీటీని మడిచి కొంగున ముడేసుకుంది. ఆ ముడి బిగించిన తీరు చూసి చంద్రశేఖర్ మొదటిసారి భయపడ్డాడు. గంపను నెత్తికెత్తుకుంది. రసం చెవుల మీదుగా కారుతుంటే రైలెక్కింది. పెట్టెలో ఆమెకు అడగకుండానే చోటు దొరికింది.

తాండూరు అంగట్లో మూరెడు జరిగిన గోనెను కాలితో వెనక్కి నెట్టి గంప దించింది. చుట్టుపక్కలవాళ్లు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. పొద్దు వాలుతోంది, ఒక్కరూ దగ్గరికి రాలేదు. నాకా మూసి కూరగాయలకు వచ్చిన చంద్రశేఖర్ వాసన పట్టుకుని వచ్చి, కళ్లెర్రజేశాడు.

"కుళ్లినయి అమ్ముతవా? కేసు రాస్త!"

మొగులమ్మ లేచి చీటీని అతని ముఖం ముందు ఆడించింది. "ఇగో, సదువు! పండు మంచిదా చెడ్డదా ఎవ్వడూ అడగొద్దని మీ పెద్దసారే ముద్ర కొట్టిచ్చిండు. నువ్వు పరీక్ష చేసినప్పుడు మంచియే ఉండె గద. మూడంగళ్లాయె. నా అత్త కూసున్న జాగా పోతున్నది. బోణీ చెయ్యి సారూ! తినేటప్పుడు లేని సిగ్గు కొనేటప్పుడు వచ్చెనా?"

జనం మూగారు. చంద్రశేఖర్‌కు హఠాత్తుగా ఉల్లిగడ్డలు జ్ఞాపకం వచ్చి, అవి అంగడి ఆ చివర దొరుకుతాయని కూడా జ్ఞాపకం వచ్చింది.

అతను పోయాక మొగులమ్మ చతికిలబడింది. గోడ నీడ పూర్తిగా సాగింది. గోనెలు దులుపుతున్నారు. కొండమ్మ చాలాసేపు ఆ నీడనూ, ఆ గంపనూ చూసింది. ఇంకొక్క గడియ ఊరుకుంటే నీడ తనది.

"ఒక పండియ్యి," అంది.

"ఎగతాళా?"

"ఇయ్యమంటే ఇయ్యవేందే? నీ జాగా నేను కొట్లాడి గుంజుకుంట. ఆ బొంగుకాడి బాడ్కావు పుణ్యాన వచ్చిన జాగా నాకేం అచ్చొస్తది?"

బొడ్లోంచి చిల్లర తీసి గంప అంచున పెట్టింది. మొగులమ్మ ఉన్నవాటిలో ఆకారం మిగిలిన పండు వెదికి ఇచ్చి, చిల్లరను కళ్లకద్దుకుంది. బోణీ అయింది. జాగాకు మరో మూడు అంగళ్ల ప్రాణం వచ్చింది.

కొండమ్మ ఆ పండును రెండు వేళ్లతో దూరంగా పట్టుకుని, ఉల్లిగడ్డల వైపు చూసి, గురి సరిచూసుకుని విసిరింది. అది చంద్రశేఖర్ తెల్లచొక్కా వీపు మీద పడి విచ్చుకుంది. అతను వెనక్కి తిరిగేసరికి ఇద్దరూ గోనెలు సర్దుకుంటున్నారు.

"జరుగు వదినె," అంది మొగులమ్మ తలెత్తకుండా. "మల్ల వేలెడు వచ్చినవ్."