మూడు ఫోటోల ఇల్లు

ఇళ్ళకు ఫోటోలు తీయడం నా పని. అద్దెకో అమ్మకానికో పెట్టిన ఇంటికి వెళ్ళి, దాన్ని ఉన్నదానికంటే ఒక పిసరు అందంగా చూపించి రావాలి. పిసరు అని నేనంటాను గానీ బ్రోకర్లకు అది చాలదు. ఒకాయన సింకులో మరక తీసేయమని అడిగి, పనిలో పనిగా కిటికీకి అడ్డమున్న పక్కింటి గోడను కూడా తీసేయమన్నాడు. దానికి మేస్త్రీని పిలుచుకోమని ఫోను పెట్టేశాను.

మద్రాసు ఇళ్ళతో చిక్కేమిటంటే, బయట ఎండకు కళ్ళు చెదురుతుంటాయి, లోపల పట్టపగలే చీకటి. గది కనపడేలా తీస్తే కిటికీ తెల్లటి మచ్చయిపోతుంది. కిటికీ కనపడేలా తీస్తే గది నల్లగా మునిగిపోతుంది. అందుకే హెచ్‌డీఆర్. కెమెరాను స్టాండు మీద బిగించి, ఒకే చోటినుంచి మూడు ఫోటోలు తీస్తాను. ఒకటి కిటికీ కోసం, ఒకటి గదిలోని చీకటి మూలల కోసం, ఒకటి మామూలుగా. కంప్యూటర్లో మూడూ కలిపితే బయటి కొబ్బరాకూ, మంచం కింద చెప్పులూ ఒకే ఫోటోలో తేటగా కనిపిస్తాయి. ఇది మోసం కదా అని అడిగినవాళ్ళకు నా దగ్గర ఒక జవాబుంది. మన కన్ను చూసినట్టు కెమెరా చూడలేదు, అందుకని దానికి సాయం చేస్తున్నాం అంటాను. ఆ మాట నిజమే. ఎవరి కన్ను అనేది మాత్రం నేనెప్పుడూ ఆలోచించలేదు.

మా నాయన కోడంబాక్కం స్టూడియోల్లో ముప్పై ఏళ్ళు లైట్‌మన్‌గా చేశాడు. ఎంత బరువు లైటునైనా భుజానేసుకుని నిచ్చెన ఎక్కేసేవాడు. ఆ మనిషికి గ్లకోమా వచ్చింది. కంటి నరం కొద్దికొద్దిగా చచ్చిపోతోందని, పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. వెలుతురులోంచి చీకట్లోకి వస్తే ఆయనకు చాలాసేపు ఏమీ కనపడదట. ఇంట్లో అన్ని చోట్లా ఒకే రకం వెలుతురు ఉంటే చాలు, ఆయన తన పనులు తనే చేసుకుంటాడంది. సరిగ్గా అప్పుడే మేముంటున్న పాత మేడను కూల్చేస్తామని ఓనరు ఖాళీ చేయమన్నాడు.

కాబట్టి నేను వెతకాల్సింది అద్దె ఇల్లు ఒక్కటే కాదు. నాయన ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బాత్‌రూముదాకా నడిచి రాగల ఇల్లు. ఆ ఒక్కటీ పోతే ఆయన మంచం దిగడని నాకు తెలుసు. చెయ్యి అందించబోతే విదిలించుకునే మనిషి.

తిరువొత్తియూరులో ఒక కింది పోర్షను ఉందని, ఫోటోలు కావాలని బ్రోకరు పిలిచాడు. పొద్దున్నే వెళ్ళి తీసుకొచ్చాను. పొడుగాటి ఇల్లు, గది వెనక గది, చివర పెరటివైపు ఒకే ఒక్క పెద్ద కిటికీ. మూడు ఫోటోలు కలిపేసరికి హాలంతా తేటగా, కడిగి ఆరబెట్టినట్టు వచ్చింది. పంపేశాను, మర్చిపోయాను. మూడు వారాల తర్వాత, చూసిన ఇళ్ళన్నిటికీ మెట్లో ఇరుకో అడ్డం వచ్చి విసిగిపోయి ఉన్నప్పుడు, ఆ ఫోటో మళ్ళీ కంటబడింది. ఇదేదో మన ఇల్లే అనిపించింది. వేరే కుటుంబం కూడా చూస్తోందని బ్రోకరు తొందరపెట్టాడు. ఒకసారి వెళ్ళి చూసి రావచ్చు కదా! చూసిన ఇల్లే కదా అనుకుని అడ్వాన్సు ఇచ్చేశాను. నాకు గుర్తున్నది ఇల్లు కాదు, నా ఫోటో అన్న సంగతి నాకు తట్టలేదు.

ఆ ఫోటోను నాయన ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఎన్ని లైట్లు పెట్టావని అడిగాడు. ఒక్కటి కూడా పెట్టలేదని, మూడు ఫోటోలు ఎలా కలిపానో చెబితే పెద్దగా నవ్వాడు. తామంతా జనరేటరు పెట్టి, వీపులు విరగమోసి చేసిన పనిని నేను వేలితో చేసేస్తున్నానని కాసేపు ఆటపట్టించాడు. తర్వాత నవ్వు ఆపి అడిగాడు.

"ఫోటో సంగతి సెరి పాపా. ఇల్లు ఎట్టా ఉండాది?"

"ఇట్లే ఉంటుంది నాయినా," అన్నాను.

పాలు పొంగించడానికి వెళ్ళే రోజు పొద్దున, కొత్త గిన్నె కడిగి సంచిలో పెడుతుంటే ఎందుకో మనసులో ముల్లు గుచ్చుకున్నట్టయింది. కంప్యూటరు తెరిచి కలపకముందు ఫోటోలు మూడూ విడివిడిగా చూశాను. మామూలుగా తీసిన ఫోటోలో హాలు లేదు. నల్లటి గుహ, దాని చివర కళ్ళు పొడిచే కిటికీ, అంతే. కెమెరాకంటే కన్ను బాగా చూస్తుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నాయన అప్పటికే ఉతికిన పంచె కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

కారులో దారి పొడుగునా చెప్పేద్దాం చెప్పేద్దాం అనుకుంటూనే ఉన్నాను. ఆయనేమో మంచి హుషారులో ఉన్నాడు. సముద్రం పక్కనే కదా, సాయంత్రం గాలికి వాకిట్లో కుర్చీ వేసుకుంటానన్నాడు. ఎన్నూరు వైపు పోయే లారీల వెనక ఇరుక్కున్న ప్రతిసారీ, ఈ ట్రాఫిక్ ఇలాగే సాయంత్రందాకా ఉండిపోతే బాగుండునని కోరుకున్నాను. అసలు దగ్గరుండి నాయన కళ్ళకు మందు వేసేదాన్ని నేను. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి?

చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. బ్రోకరు తలుపు తీసి, హాల్లో లైటూ ఫ్యానూ వేసి, తాళాలు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. నాయన నాకంటే ముందు కుడికాలు లోపల పెట్టాడు. రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఎత్తున ఉన్న ఒక్క ట్యూబులైటు వెలుతురు దాని చుట్టూ తప్ప ఇంకెక్కడా పడడం లేదు. ఎదురుగా కిటికీ మాత్రం భగ్గుమంటోంది. ఆయన తల అటూ ఇటూ తిప్పాడు. చెయ్యి చాపి గోడ కోసం వెతికాడు. గోడ అందలేదు.

"కరెంటు పోయిందా పాపా?" అన్నాడు, చాలా మామూలుగా.

నా నోటివెంట అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పోయింది నాయినా, వచ్చేస్తుంది అన్నాను.

ఆయన సరేనని తలూపి నిలబడ్డాడు. కాసేపటికి ఆయన ముఖం నెమ్మదిగా పైకెత్తాడు.

"ఫ్యాను తిరగతా ఉండాదే," అన్నాడు.

ఇంక నావల్ల కాలేదు. అంతా చెప్పేశాను. ఇల్లే చీకటని, నా ఫోటోను నేనే నమ్మానని, పొద్దున్నే తెలిసినా నోరు విప్పలేదని. ఏడుపొచ్చేసింది. ఆయన తిడితే బాగుండుననిపించింది. తిట్టలేదు. పోయింది కరెంటు కాదని తేలినప్పుడు ఆయనకు తెలిసింది ఇంటి సంగతి ఒక్కటే కాదు, తన కళ్ళ సంగతి కూడా. అది అంతవరకూ ఆయన నా ముందు ఒప్పుకున్నది కాదు.

ఆ ఇంట్లో మేము పాలు పొంగించలేదు, చేరలేదు. ఎండ తగిలే ఇల్లు దొరకడానికి ఇంకో నెల పట్టింది. కానీ ఆ మధ్యాహ్నం నేను వెళ్ళిపోదాం రమ్మంటే ఆయన కదల్లేదు. ఆ ఫోటో ఇవ్వమన్నాడు. ఫోనులో తెరిచి ఇచ్చాను. తాను నిలబడి ఉన్నా కనపడని గదిని ఆయన అందులో చూశాడు.

"నేనేడ ఉండానో చూపించు," అన్నాడు.

ఆయన వేలు పట్టుకుని, ఫోటో కింది అంచున, వాకిలి వైపు పెట్టాను. అక్కడినుంచి వెనక గది ఎంత దూరమో, మధ్యలో ఏముందో ఆ వెలుతురు ఫోటోలో చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత ఫోను నాకిచ్చేసి, పాదాలు నేలమీద ఈడ్చుకుంటూ ఆ చీకట్లోకి నడవడం మొదలుపెట్టాడు. పట్టుకోబోతే వద్దన్నాడు. వెనక గది గుమ్మందాకా వెళ్ళాడు. నేను రెండు చేతులూ చాపి, ఆయన వీపుకు జానెడు దూరంలో, తాకకుండా వెంట నడిచాను.