రెండు పొయ్యిలు, ఒక మగ్గం

గద్వాల వెళ్లడానికి నాకు పనే ఉండక్కర్లేదు, ఎవరైనా వెళ్తుంటే చాలు. ఈసారి వెళ్తున్నది మా బావమరిది సుధాకర్. దేశమంతటా కొన్ని ఇళ్లను ఎంచి, వాళ్లేం తింటున్నారో, ఏం పని చేస్తున్నారో అడిగి రాసుకునే సర్కారీ సర్వేలో ఉద్యోగం అతనిది. "రా బావా, గానీ ఆడికి పోయినంక నోరు తెరవకు" అనే షరతు మీద తీసుకెళ్లాడు.

నాగర్‌కర్నూలులో ఆరున్నర బస్సెక్కి వనపర్తిలో దిగాం. అక్కడ గద్వాల బస్సులో సీటు కావాలంటే కిటికీలోంచి తువ్వాల వేయాల్సిందే. నా పక్కన పెబ్బేరు వెళ్తున్న ఒక పెద్దమ్మ కూర్చుంది.

"ఏం పని మీద పోతున్రు సారూ?"

"కృష్ణల చేపలు లెక్కబెట్టనీకి. అన్నిట్ని పట్టలేం గద! కొన్నిట్నే పట్టి తతిమ్మావాటి సంగతి అడుగుతం" అని నా అలవాటు ప్రకారం ఓ కోత కోశాను.

"మరి పట్టిన చేప నిజం చెప్తదా?"

సుధాకర్ కిటికీ వైపు తిరిగి నవ్వాడు. వాళ్ల సర్వే కూడా దాదాపు అంతేనట. ముందు వీధిలోని ఇళ్లన్నిటికీ జాబితా రాస్తారు. అందులోంచి ఎవరి ఇష్టాయిష్టాలూ లేకుండా కొన్ని తీస్తారు. ప్రశ్నలు ఆ ఇళ్లకే. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే ఇంకో మాట చెప్పాడు. ఇల్లంటే గోడలు కాదు, పొయ్యి. ఒక పొయ్యి మీద వండుకు తినేవాళ్లంతా ఒక ఇల్లు.

గద్వాల బస్టాండు దగ్గర ఉగ్గాణి, మిర్చి బజ్జీ తిని, పదింటికి నేతగాళ్ల వీధికి చేరాం. అన్న నాగప్ప, తమ్ముడు శీను ఒకే మగ్గం మీద కూర్చుని ఉన్నారు. నూలు చీరకు పట్టు అంచు కలుపుతూ నేయాలి. ఒకరు లేస్తే రెండోవారి చెయ్యి ఆగిపోతుంది.

"రాసుకో సారూ, ఇంట్ల ఏడుగురం" అని నాగప్పే మొదలుపెట్టాడు.

సుధాకర్ ఇబ్బందిపడ్డాడు. "పెద్దాయనా, జాబితాల రెండు పొయ్యిలని ఉంది. ఎంపికైంది మీ తమ్ముని ఇల్లు. మీది వేరే లెక్క."

"రెండని ఎవలు చెప్పిండ్రు?"

శీను భార్య తలుపు దగ్గర్నుంచే అంది: "నేనే చెప్పిన బావా. అడిగిండ్రు, ఉన్నది చెప్పిన."

"మగ్గం ఒక్కటే గదమ్మా!"

"మగ్గం మీద అన్నం వండుతరా?"

ఒక ఇంటి సంగతులు మరొకరి ముందు అడగకూడదని నియమం. సుధాకర్ నన్ను బయటి అరుగు మీదికి పంపాడు. నా వెనకే నాగప్పనూ పంపాల్సి వచ్చింది. మగ్గం ఆగింది.

"ఉగాది కాడ ఆడోళ్లకు మాట మాట పెరిగింది" అన్నాడు నాగప్ప. "నాల్గు దినాలు అలిగి మళ్ల కలుస్తరనుకున్న. సర్కారుకే ఎరుకైనంక ఇగ కలుపుడెట్ల సారూ?"

ఆయన ముఖం చూడలేక నోరు తెరిచాను. "మీరు కలిస్తే సర్కారే మళ్లొచ్చి రెండు కొట్టేసి ఒకటి రాస్తది. మా దిక్కు ఒకింట్ల పదకొండు పొయ్యిలుండె. మళ్లొచ్చేసరికి ఒక్కటే అయింది. అన్నం గుండిగ దించనీకి క్రేను తెచ్చిండ్రు!"

నవ్వుతాడనుకున్నాను.

"మళ్లెప్పుడొస్తరు?" అన్నాడు.

"వానలు పడ్డంక" అనేశాను.

అప్పుడే ఆయన భార్య చాయ్ తెచ్చింది. "ఇన్నవా, వానలు పడేలోపల పొయ్యి ఒకటి చెయ్యాలె" అన్నాడామెతో.

"ముందుగాల ఆమెను మాట్లాడుమను."

"మాట్లాడుతదిలే. టైమున్నది గద."

తిరుగు ప్రయాణం నాలుగింటి బస్సులో. జరిగింది సుధాకర్‌కు చెప్పాను. "ఆ ఇంటికి మేం మళ్ల పోయేది లేదు బావా. ఈసారి రాసింది రాసిందే. ఇంకో సర్వే అంటే ఏ ఊరొస్తదో, ఏ ఇల్లొస్తదో ఎవరికి తెల్సు?"

ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు ఆగింది. గద్వాల వెళ్లే బస్సు ఎదురుగానే ఉంది. దిగి, అది ఎక్కి, ఆయనకు నిజం చెప్పి రావచ్చు. కిటికీలోంచి ఆ బస్సు కదిలిపోయేదాకా చూస్తూ కూర్చున్నాను.

ఇన్నేళ్లుగా నా కోతలు విని నవ్వినవాళ్లున్నారు, తిట్టినవాళ్లున్నారు. ఎప్పుడని అడిగినవాడు నాగప్ప ఒక్కడే. గద్వాల చూడదగ్గ ఊరు, మీరు తప్పక వెళ్లండి. వానలు పడ్డాక ఆ వీధిలో అడుగుపెట్టే మొహం మాత్రం నాకు లేదు.