చెల్లెల్ని అడగడానికి వచ్చిన పక్కింటి అక్క

నా చిన్నప్పుడు విడవలూరు దాటి సముద్రం వైపు ఎవరినడిగినా మా ఇల్లు చూపించేవారు. మా ముత్తాతను ఉప్పు కొఠార్ల పెద్దాయన అనేవారు. కనుచూపు మేర తెల్లగా కనిపించే ఉప్పుమళ్ళలో సగం ఆయనవే. ఆయన కొడుకు మా తాతయ్య. చుట్టుపక్కల ఊళ్ళ తగవులన్నీ మా వసారాలోనే తీరేవి. కోర్టుకెక్కినవాళ్ళు కూడా అక్కడ తేలక మళ్ళీ మా వసారాకే వచ్చేవారు. ఇది గొప్ప చెప్పుకోవడానికే రాస్తున్నానని ఎవరైనా అంటే కాదనను. కానీ దీనితో వేరే పని కూడా ఉంది.

మా ఇంట ఒక కట్టుబాటు ఉండేది. గడప లోపలికి వచ్చి, నోరు తెరిచి అడిగినవాళ్ళకు లేదని చెప్పకూడదు. విత్తనాలడిగితే విత్తనాలు, ఎద్దుల జత అడిగితే ఎద్దులు. మనం ఇచ్చేవాళ్ళమే గాని అడిగేవాళ్ళం కాదని తాతయ్య మాకు అన్నంలో కలిపి పెట్టాడు. నడుం వంచకుండా నడవడం నేను అప్పుడే నేర్చుకున్నాను. డెబ్బై దాటినా ఆ అలవాటు పోలేదు.

అంత ఇంట్లో నలుగురికీ చూపించనిది ఒక్కటే ఉండేది. అది మా చెల్లెలు.

నాకన్నా మూడేళ్ళు చిన్నది. మాట రాలేదు. పిలిస్తే తిరిగి చూసేది కాదు. గవ్వలు వరసగా పేర్చుకుంటూ పూటంతా కూర్చునేది. వరస చెదిరిందా, ఇక ఆ ఏడుపు ఆపడం ఎవరి తరమూ కాదు. నలుగురు ఒక్కసారి మాట్లాడినా చెవులు మూసుకుని గోడకు తల కొట్టుకునేది. ఈనాడు దానికి ఆటిజం అని ఒక పేరుంది. ఆనాడు మావాళ్ళు పెట్టిన పేర్లు రాయడానికి నాకు చేయి రాదు. చుట్టాలు వస్తున్నారంటే చెల్లెల్ని వెనక వడ్ల కొట్లో పెట్టి గొళ్ళెం వేసేవారు. బయట కాపలా నేను. అమ్మ పెద్దవాళ్ళకు ఎదురు చెప్పేది కాదు. గొళ్ళెం పడ్డాక వచ్చి, తలుపు కింద సందులోంచి గవ్వలు ఒక్కొక్కటే లోపలికి తోసి వెళ్ళిపోయేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా మేనత్తను చూసుకోవడానికి కావలి నుంచి పెళ్ళివారు వచ్చారు. అంతకుముందు రెండు సంబంధాలు వచ్చి తప్పిపోయాయి. ఆ పొద్దున అత్త కొత్త చీరతో వచ్చి నా గడ్డం పట్టుకుంది.

“ఆ పిల్ల వాళ్ళ కంటబడిందంటే నా బతుకు ఇంతేరా. తలుపుకాడ్నించి కదలబాకు” అంది. 

పెళ్ళివారు వసారాలో కూర్చుని మంచినీళ్ళు తాగారో లేదో, కొట్లో ఏడుపు మొదలైంది. నేను తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను. అక్కడి నుంచి వసారా దాకా చూపు నేరుగా పోతుంది. పెళ్ళివారిలో ఒక పెద్దావిడ, “ఎవురో బిడ్డ ఏడస్తుండాదే?” అంది.

“పనోళ్ళ బిడ్డలే అమ్మా” అన్నాడు తాతయ్య.

ఆయన నోట నేను విన్న మొదటి అబద్ధం అది.

సరిగ్గా అప్పుడే పక్కింటి అక్క మా ముందు వాకిట్లోంచి లోపలికి వచ్చింది. ఆమెది క్రైస్తవుల ఇల్లు. మా ప్రహరీకి అవతలే ఉంటుంది. మిషన్ బడిలో పిల్లలకు పాఠాలు చెప్పేది. ఏదైనా కావలిస్తే గోడ మీదుగా అమ్మతో మాట్లాడేది, పెరట్లో చెల్లెలు గవ్వలు పేర్చుకోవడం చూసేది, అంతే తప్ప మా గడప ఏనాడూ తొక్కలేదు. ఆ రోజు ఉతికిన చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, తాతయ్య ఎదుట నిలబడి దణ్ణం పెట్టింది.

“పెద్దాయనా, ఒకటి అడగాలని వచ్చినా.”

“అడుగమ్మా” అన్నాడు తాతయ్య. పెళ్ళివారి ముందు ఆ మాట అనడం ఆయనకు కొంచెం ఇష్టమే.

“రేపు మా చర్చిలో ప్రేమవిందు, అందరికీ భోజనాలు. పనికి మనిషి తక్కువైంది. మీ చిన్న మనవరాల్ని ఈ పూటకి నాకియ్యండి.”

 కొట్లో ఏడుపు ఇంకా వినిపిస్తోంది. “చిన్న మనవరాలా? మనవడొక్కడే అనుకున్నామే!” అంది పెద్దావిడ.  తాతయ్య ఇవ్వనంటే కట్టుబాటు పోతుంది. అలాంటి పిల్లే లేదంటే అది రెండో అబద్ధం అవుతుంది. ఆయన లేచి, నడవాలోంచి నా వైపే వచ్చాడు. నన్ను పక్కకు జరిపి తన చేత్తో గొళ్ళెం తీశాడు.

ఆయన వెంటే వచ్చిన అక్క చెల్లెల్ని పట్టుకోలేదు, పిలవలేదు. కాస్త దూరంలో కూర్చుని కొంగు ముడి విప్పింది. నేల మీద ఒక గవ్వ పెట్టింది. జానెడు దూరంలో ఇంకొకటి పెట్టింది. అలా వెనక్కి వెనక్కి నడుస్తూ వసారా మీదుగా, పెళ్ళివారి కాళ్ళ పక్కగా, వీధి వాకిలి దాకా వరస పేర్చుకుంటూ పోయింది. చెల్లెలి ఏడుపు ఎక్కడ ఆగిందో మాకు తెలియలేదు. ఒక్కో గవ్వ ఏరుకుంటూ అంతమంది మధ్యలోంచి నడిచి బయటికి వెళ్ళిపోయింది.

తాతయ్య తిరిగి వచ్చి తన చోట కూర్చున్నాడు. “అది నా మనవరాలు. ఇందాక అబద్ధం చెప్పినా” అన్నాడు పెళ్ళివారితో.

ఆ సంబంధం పోయింది. అత్త పక్కింటి అక్కతో ఏడాది పాటు మాట్లాడలేదు. ఆమె కోపం తప్పని నేను అనలేను. రెండేళ్ళకు చిల్లకూరు నుంచి ఇంకో సంబంధం వచ్చి పెళ్ళి జరిగింది. అప్పుడు చెల్లెలు అరుగు మీద అందరి కళ్ళ ముందే కూర్చుని ఉంది. ఆ కొట్టుకు మళ్ళీ గొళ్ళెం పడలేదు.

తాతయ్య గొళ్ళెం తీసిన రోజు సాయంత్రం, చెల్లెల్ని అక్క ఇంటి నుంచి తీసుకురావడానికి నేనే వెళ్ళాను. అది బల్ల కింద గవ్వలు పేర్చుకుంటోంది. ఏం పని చేసిందని అక్కను అడిగాను.

“పనేందిరా నాయనా? నాకేం పని ల్యా” అని నవ్వింది.

“మరి ఎందుకడిగినావు?”

“బయటికి వదలండని చెప్పేదానికి నేనెవర్ని? మీ తాతకి తలవంపులైపోద్ది. నాకు కావాలని అడిగితే ఆయన ఇచ్చినోడవతాడు.” నా ముఖం చూడకుండా, “మీ అత్త సంబంధం పోద్దని తెలుసు. అయినా ఆ ఏడుపు వింటా గోడకాడ ఇంక నిలబడలేకపోయినా. ఆ బిడ్డ నాకు కావాలని ఎవురో ఒకరు రావాల గదరా” అంది.

చెల్లెలు ముప్పై రెండేళ్ళు మా మధ్యే బతికి, జ్వరంతో పోయింది. ఆ తరవాత చాలాకాలానికి నా కూతురికి కొడుకు పుట్టాడు. మూడేళ్ళు వచ్చినా వాడు మాట్లాడలేదు. మద్రాసు డాక్టరు ఆటిజం అని చెప్పిన రోజు నా కూతురు ఏడ్చింది. నాకు మాత్రం ఎన్నాళ్ళ కిందటో తప్పిపోయిన మనిషి ఇంటికి తిరిగి వచ్చినట్టనిపించింది.

వాణ్ణి రెండు బడులవాళ్ళు చేర్చుకోకుండా తిప్పి పంపాక, నా కూతురూ ఇంకో నలుగురు తల్లులూ కలిసి కావలిలో స్టేషను దగ్గర చవగ్గా దొరికిన రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. ఇప్పుడది రిజిస్టరైన సంఘం. తల్లిదండ్రులే నడుపుతారు. నేర్పే టీచర్లు ఇద్దరు తప్ప జీతగాళ్ళు లేరు. రైలు కూత పిల్లలకు పడదు. అందుకని ఒక తండ్రి రోజూ బండ్ల వేళలు బోర్డు మీద బొమ్మలతో వేసి, కూతకు ముందే పిల్లలకు చూపిస్తాడు. గూడ్సు బండ్లకు వేళాపాళా లేదని ఆయన రైల్వేను తిట్టని రోజు ఉండదు. అక్కడ ఎవరి బిడ్డను వారు చూసుకోకూడదు. పొద్దున్నే ఒకరి దగ్గరికి ఒకరు వెళ్ళి, “ఈ పూట మీవాణ్ణి నాకియ్యక్కా” అని అడిగి తీసుకోవాలి. ఈ నియమం నేను పెట్టించిందే. మొదట్లో ఇదేం చాదస్తమని నవ్వారు. ఒక తల్లి మాత్రం నవ్వలేదు. వీడు పుట్టాక వీణ్ణి ఇమ్మని అడిగినవాళ్ళు మీరే మొదలని చెప్పి గోడ వైపు తిరిగింది.

ఊళ్ళలో తలుపుల వెనక ఉండిపోయిన పిల్లల దగ్గరికి ఎవరు వెళ్ళాలని సంఘంలో ప్రశ్న వచ్చినప్పుడు నేను వెళతానన్నాను. చెప్పినంత తేలిక కాలేదు. మొదటి ఇంటి ముందు చాలాసేపు నిలబడిపోయాను. మా వంశంలో ఒకరి గడప ముందు చేయి చాచినవాళ్ళు లేరు. తలుపు తీసినావిడ, పిల్లలెవరూ లేరు తాతా అంది. లోపల ఎవరో గిన్నె మీద గిన్నె కొడుతున్నారు.

“అమ్మా, అడగడం నాకు చేతగాదు. మీ బిడ్డను ఈ పూటకి నాకియ్యి” అన్నాను.

“వాడితో మీకేం పని?”

“పనేం లేదమ్మా. కావాలి.”

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. తరవాత పక్కకు జరిగి దారి ఇచ్చింది.

ఆ తరవాత ఎన్ని గడపల ముందు నిలబడ్డానో లెక్కపెట్టలేదు. కొన్నిచోట్ల తలుపు మొహాన వేశారు. మళ్ళీ వెళ్ళాను. నా నడుం ఇప్పటికీ వంగదు. అడగడం మాత్రం వచ్చింది.

పిల్లలు పెరిగారు. వాళ్ళను ఊళ్ళ నుంచి తీసుకురావడానికి సంఘానికి ఒక వ్యాను కావలసి వచ్చింది. అది కొనడానికి, పంపకాలూ అమ్మకాలూ పోగా మాకు మిగిలిన ఆఖరి ఎకరన్నర పొలం పోయిన వేసవిలో రొయ్యల చెరువులవాళ్ళకు అమ్మేశాను.